సినిమా స్టూడియో నడిపే గేమ్స్: ఏముంది వాటిలో, కొత్తగా దిగేవాళ్లు ఎట్లా ఆడాలి

శుక్రవారం కొత్త సినిమా పడిందంటే తిరుపతిలో మ్యాట్నీ వదిలేలోపు కథ గురించి మాట అయిపోయి లెక్కలు మొదలవతాయి. సీడెడ్ ఎంతకి కొన్నారు, మొదటి రోజు షేర్ ఎంత, బ్రేక్ ఈవెన్‌కి ఇంకా ఎంత రావాల, ఆ హీరో మీద అంత బడ్జెట్ ఎట్లా పెట్టినారు, పండగ రష్‌లో కాకుండా రెండు వారాలు ఆగి వదిలుంటే ఆడేది కదా. జీవితంలో ఒక్క షూటింగ్ కూడా చూడనోళ్లు ఇంత వివరంగా మాట్లాడతారు, అది కూడా చానా వరకు కరెక్ట్‌గానే. ఇట్లా మాట్లాడే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఏమంటే, ఆ లెక్కలన్నీ మీరే వేసి, మీరే డబ్బు పెట్టి, మీ నిర్ణయం మీదే సినిమా ఆడిందో పోయిందో చూసుకునే గేమ్స్ ఉన్నాయి. స్టూడియో మేనేజ్‌మెంట్ సిమ్యులేషన్ అంటారు. మన ఆంధ్రా జనానికి ఇంతగా సెట్ అయ్యే గేమ్ రకం ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం, కానీ మనోళ్లలో ఆడేవాళ్లు మాత్రం చానా తక్కువ.

గేమ్ ఎట్లుంటాదంటే, మీ చేతిలో ఒక స్థలం, కొంత డబ్బు, ఒక స్టూడియో పేరు ఉంటాయి. కథ రాయించాల, డైరెక్టర్ని పెట్టాల, యాక్టర్లని పెట్టాల, సెట్లు వేయాల, షూట్ చేసి రిలీజ్ చెయ్యాల, వచ్చిన డబ్బుతో ఇంకోటి తీయాల. వినడానికి ఇంతే. మా పిన్ని కొడుకు ఒకడున్నాడు, ఫోన్లో కాల్చుకునే గేమ్స్ తప్ప ఇంకేం ఎరగడు, వాడికి చూపిస్తే "ఏందన్నా ఇది, ఫైటింగే లేదు, ఆఫీసు పని మాదిరి ఉండాది" అన్నాడు. "ఒక్క సినిమా తియ్ రా, తర్వాత మాట్లాడు" అన్నాను. వాడి మొదటి సినిమా రిలీజ్ బటన్ నొక్కినాక స్క్రీన్‌కి ఇంత దగ్గరగా జరిగి కూర్చున్నాడు, మొదటి వారం కలెక్షన్ వస్తా ఉంటే నోరు మెదపలేదు, రెండో వారం సగానికి పడిపోతానే "అన్నా ఆ డైరెక్టర్ని పెట్టకుండా ఉండాల్సింది" అన్నాడు.

అదే అసలు విషయం. రేస్ గేమ్‌లో తప్పు చేస్తే అప్పటికప్పుడు బండి గోడకి కొట్టుకుంటాది. ఇక్కడ తప్పు కథ ఓకే చేసిన రోజు చేస్తాం, తెలిసేది సినిమా పడినాక. మధ్యలో షూటింగ్ అంతా డబ్బు పోతానే ఉంటాది, అనుమానం వస్తానే ఉంటాది, వెనక్కి పోలేం. ఆ నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఉండే ఎదురుచూపు కోసమే జనం ఈ గేమ్స్‌కి అతుక్కుపోతారు. కింద నేను చెప్పేవన్నీ ఆ ఎదురుచూపు చెడిపోకుండా ఎట్లా ఆడాల అనేదానికోసమే, ఎక్కువ డబ్బు ఎట్లా కొట్టాల అనేదానికి కాదు.

ముందు ఏ గేమ్ తీసుకోవాలో చూద్దాం.

ఈ రకానికి పెద్ద పేరు తెచ్చింది ద మూవీస్, 2005లో ఇంగ్లండ్‌లోని లయన్‌హెడ్ స్టూడియోస్ వాళ్లు చేసింది, పీటర్ మాలినూ అనే ఆయన టీమ్. 1920 నుంచి మొదలుపెట్టి దశాబ్దాల మీద స్టూడియో నడుపుకుంటా వస్తాం. తర్వాత 2006లో స్టంట్స్ అండ్ ఎఫెక్ట్స్ అని ఎక్స్‌పాన్షన్, అంటే అదే గేమ్‌కి అదనంగా కలుపుకునే భాగం, ఒకటి వచ్చింది. ఆ కంపెనీనే 2016లో మూతపడింది, ఇప్పుడు ఈ గేమ్ కొత్తగా కొనుక్కోవడం కష్టం, పాత డిస్క్ ఎవరి దగ్గరైనా దొరికితే అదృష్టం. కానీ దీని గురించి తెలుసుకోవాల, ఎందుకంటే తర్వాత వచ్చిన చానా వాటిలో దీని పోలికలు కనిపిస్తాయి. 2024లో వచ్చిన బ్లాక్‌బస్టర్ ఇంక్ ఆ దారిలోనిదే, స్టూడియో కట్టుకోవడం, సీన్లు మనమే పేర్చుకోవడం రెండూ ఉంటాయి. సినిమా తీయడం మీద ఇష్టం ఎక్కువ ఉన్నోళ్లకి ఇది.

లెక్కలు, రాజకీయాలు, వెనకాల జరిగే వ్యవహారాలు ఇష్టమైనోళ్లకి హాలీవుడ్ యానిమల్. వీపీ స్టూడియో అని, అంతకుముందు పోలీస్ స్టేషన్ నడిపే గేమ్ చేసి పేరు తెచ్చుకున్నోళ్లు, 2025 ఏప్రిల్‌లో అర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి తర్వాత అప్‌డేట్లు ఇస్తా పోయే పద్ధతిలో, వదిలినారు. కథ 1929లో మొదలవతాది. ఇది పెద్దోళ్ల గేమ్, స్కాండల్స్, లంచాలు, తాగుడు అన్నీ ఉంటాయి, చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు.

ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది అంటే జపాన్ కంపెనీ కైరోసాఫ్ట్ వాళ్ల సిల్వర్ స్క్రీన్ స్టోరీ చూడండి, చిన్న చిన్న పిక్సెల్ బొమ్మలతో ముద్దుగా ఉంటాది, కష్టం తక్కువ. అసలు ఇట్లాంటి గేమ్ ఎప్పుడూ ఆడనోళ్లు గేమ్ డెవ్ టైకూన్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. 2012లో వచ్చింది, అందులో తీసేది సినిమా కాదు వీడియో గేమ్స్, కానీ లాజిక్ అదే, ఏ టాపిక్‌కి ఏ రకం కుదురుతాది, ఎవరి చేత చేయించాల, ఎప్పుడు వదలాల. దాని గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 2013లో ఆ డెవలపర్లే దొంగ కాపీ ఒకటి తయారుచేసి టొరెంట్‌లో పెట్టినారు, అది డౌన్‌లోడ్ చేసుకోని ఆడినోళ్ల కంపెనీ ఎంత మంచి గేమ్ చేసినా పైరసీ వల్ల దివాలా తీస్తాది. పైరసీతో మన నిర్మాతలు పడే బాధ తెలిసినోళ్లకి ఇది రొంత గట్టిగానే తగులుతాది. కాబట్టి కొనుక్కోనే ఆడండి, కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో ధర రూపాయల్లోనే ఉంటాది, యూపీఐ తీసుకుంటారు. కొన్న 14 రోజుల లోపల, ఆడింది 2 గంటలు దాటకపోతే రిఫండ్ అడగొచ్చు. కాకపోతే ఈ గేమ్స్‌లో మొదటి 2 గంటలు ఆట నేర్పించే ట్యుటోరియల్‌కే పోతాది, అందుకే కొనేముందు ఎవరైనా ఆడిన వీడియో ఒకటి అరగంట చూసి, మీ సిస్టమ్‌కి సరిపోతాదో లేదో పేజీలో కింద ఇచ్చిన వివరాలతో పోల్చుకోని తీసుకోండి.

ఇప్పుడు ఆడే పద్ధతి. మొదలుపెట్టేటప్పుడు శాండ్‌బాక్స్ మోడ్ జోలికి పోవద్దు. అందులో డబ్బుకి లోటు ఉండదు, అదే దాని లోపం. డబ్బు ఉన్నప్పుడు అన్ని సెట్లూ వేస్తాం, అందరు స్టార్లనీ తీసుకుంటాం, ఏ సినిమా పోయినా ఏమీ కాదు, కాసేపటికి బోర్ కొట్టి మూసేస్తాం. డబ్బు తక్కువగా ఉన్నప్పుడే రెండు మంచి కథల్లో ఒకటి వదులుకోవాల, ఆ వదులుకున్న కథ గురించి తర్వాత కూడా ఆలోచిస్తా ఉంటాం.

స్టూడియోకి మీ సొంత పేరు పెట్టండి, గేమ్ ఇచ్చిన పేరు ఉంచొద్దు. సినిమా టైటిల్స్ కూడా మీరే పెట్టండి, తెలుగు టైటిల్సే పెట్టండి, ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టినా పర్లేదు. చిన్న పనే గానీ దీనివల్ల చానా తేడా వస్తాది. పేరు పెట్టిన సినిమా ఫ్లాప్ అయితే బాధ వేరే. మా చిత్తూరు ఫ్రెండ్ ఒకడు వాడి స్టూడియోకి వాళ్ల అవ్వ పేరు పెట్టుకున్నాడు, ఆ పేరు మీద చెత్త సినిమా తీయనంటే తీయడు.

మొదటి రెండు మూడు సినిమాలు చిన్న బడ్జెట్‌లో తీయండి. ఇక్కడ ఒక లెక్క తలలో పెట్టుకోవాల, కొత్తోళ్లందరూ దీని దగ్గరే దెబ్బ తింటారు. థియేటర్లో టికెట్లు తెగిన డబ్బంతా స్టూడియోకి రాదు. నిజంగా కూడా అమెరికాలో గ్రాస్‌లో దాదాపు సగం థియేటర్లోళ్లకే పోతాది, మన దగ్గర గ్రాస్ వేరే షేర్ వేరే అని అందరికీ తెలిసిందే. గేమ్స్ అన్నీ ఒకే లెక్క వాడవు, కాబట్టి రిలీజ్ అయినాక రిపోర్ట్‌లో మీ చేతికొచ్చింది ఎంత అనేది వెతికి చూసుకోండి, పైన పెద్ద అక్షరాల్లో కనిపించే గ్రాస్ చూసి సంబరపడొద్దు. పైగా ప్రతి నెలా జీతాలు, బిల్డింగుల ఖర్చు పోతానే ఉంటాది, షూటింగ్ లేని నెలలో కూడా. అందుకే ఒక సినిమా షూటింగ్‌లో ఉండగానే ఇంకో కథ రాయించడం మొదలుపెట్టాల. స్టూడియోలు మునిగిపోయేది ఎక్కువగా ఫ్లాప్‌ల వల్ల కాదు, రెండు సినిమాల మధ్య ఖాళీ వల్ల. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సినిమాకి సరిపడా డబ్బు ముట్టకుండా ఉంచుకోండి.

కథ దగ్గర కాంబినేషన్ చూడాల. హాలీవుడ్ యానిమల్‌లో కథ అంటే ముక్కలు ముక్కలుగా ఉంటాది, హీరో ఎట్లాంటోడు, విలన్ ఎవడు, ఎక్కడ జరుగుతాది, చివర ఏమవతాది, ఇవన్నీ ఒకదానికొకటి కుదరాల. నెట్‌లో ఏదానికి ఏది కుదురుతాదో లిస్టులు దొరుకుతాయి. మొదటి ఆటలో అవి చూడొద్దని నా మనవి. లిస్టు చూసి పెడితే అది మీ కథ కాదు, హిట్ అయినా ఎవరో ఇచ్చిన ఆన్సర్ రాసినట్టే ఉంటాది. మీకు నచ్చింది పెట్టండి, పోతే ఎందుకు పోయిందో రిపోర్ట్ చదవండి. ద మూవీస్‌లో అయితే ఇంకో సంగతి ఉంది, ఒకే సెట్‌ని తిప్పి తిప్పి వాడితే దాని కొత్తదనం పోతాది, జనం పాయింట్లు తగ్గిస్తారు. అదే అరుగు, అదే మండువా ఇల్లు పది సినిమాల్లో చూస్తే మనం ఏమంటామో వాళ్లూ అదే అంటారు. జనం ఇష్టాలు కూడా కాలంతో మారతాయి, గేమ్‌లో వినిపించే రేడియోలో యుద్ధం వార్తలు వస్తాయి, దానికి తగ్గట్టు ఒక రకం సినిమాకి గిరాకీ పెరుగుతాది, ఇంకో రకానికి తగ్గుతాది. ఆ రేడియో సౌండ్ ఆపేసి ఆడేవాళ్లని చూసినాను, ఆపొద్దు.

ఇంక స్టార్లు. నా లెక్కలో ఈ గేమ్స్ ప్రాణం అంతా ఇక్కడే ఉంది.

ద మూవీస్‌లో పని కావాలని జనం బిల్డింగ్ ముందర లైన్లో నిలబడి ఉంటారు. మౌస్‌తో ఒకర్ని పట్టుకోని అట్లే గాల్లోకి లేపి యాక్టర్ రూమ్‌లో వదిలితే యాక్టర్, డైరెక్టర్ రూమ్‌లో వదిలితే డైరెక్టర్. ఒక అమ్మాయి, పేరు కూడా సరిగా గుర్తుపెట్టుకోం, లైన్లో మూడోదో నాలుగోదో నిలబడి ఉంటాది. తీసుకోని చిన్న కామెడీలో పెడతాం. రెండు సినిమాలు ఆడతాయి. జీతం పెంచమంటాది, పెంచుతాం. పక్కన ఇంకో స్టార్‌కి పెద్ద ట్రైలర్ (స్టార్లు ఉండే కారవాన్ బండి) ఇచ్చినామని మొహం మాడ్చుకుంటాది. షూటింగ్ ఎక్కువైతే పోయి బార్లో కూర్చుంటాది, తెచ్చి సెట్లో వదిలితే కోపంతో బయటికి పోతాది, యూనిట్ అంతా ఖాళీగా నిలబడి చూస్తా ఉంటాది, డబ్బు పోతా ఉంటాది. అప్పుడు ఏం చెయ్యాల? బలవంతంగా ఈ సినిమా పూర్తిచేయించి డబ్బు రాబట్టుకోవాలా, లేకపోతే షూటింగ్ ఆపి తాగుడు మాన్పించే రీహ్యాబ్‌కి పంపాలా? ఇది గేమ్ మిమ్మల్ని అడిగే అసలు ప్రశ్న. నా సలహా, పంపండి. నష్టం వస్తాది, ఆ సంవత్సరం అవార్డు కూడా పోవచ్చు. కానీ మనిషిని బాగా చూసుకున్న స్టూడియో లాంగ్ రన్‌లో నిలబడతాది, ఎందుకంటే అనుభవం ఉన్న స్టార్ తిరిగొచ్చి చేసే సినిమా కొత్త ముఖంతో చేసేదానికంటే జాస్తి ఇస్తాది. ఇద్దరు ముగ్గురు స్టార్లని సమానంగా పెంచుకోండి, ఒక్కరి మీదే బండి నడపొద్దు. సినిమాకీ సినిమాకీ మధ్య రెస్ట్ ఇవ్వండి. ఒకరికి పెద్ద ట్రైలర్ ఇస్తే మిగతావాళ్లకి కూడా డబ్బు రెడీ పెట్టుకోండి.

వాళ్లకి వయసు కూడా అవతాది. 1920ల్లో చేర్చుకున్న కుర్రోడు 1950ల్లో జుట్టు నెరిసి కనిపిస్తాడు. అప్పుడు చిత్తూరు నాగయ్య గారు గుర్తొస్తారు నాకు. ఆయన పుట్టింది గుంటూరు వైపు, చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకోని ఊరి పేరే ఇంటిపేరు మాదిరి అయిపోయింది. ఒకప్పుడు దక్షిణాదిలోనే పెద్ద స్టార్, సొంతంగా సినిమాలు తీసినారు, దానధర్మాలు చేసినారు, 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. గేమ్‌లో ముసలి యాక్టర్‌ని తీసేసే బటన్ దగ్గరికి మౌస్ పోయినప్పుడు ఆయన్ని తలుచుకోండి, ఒక తండ్రి పాత్ర ఇచ్చి చూడండి, చానాసార్లు బాగానే పనిచేస్తాది.

కాలం గురించి కూడా రొంత తెలుసుకోని దిగితే రుచి పెరుగుతాది. హాలీవుడ్ యానిమల్ 1929లో ఎందుకు మొదలవతాది? 1927లో మాటలు, పాటలు ఉన్న సినిమా పెద్ద హిట్ అయి మూకీలకి కాలం చెల్లిపోతా ఉంది, మొదటి ఆస్కార్ ఫంక్షన్ జరిగింది 1929 మేలోనే. మనకి తెలుగు టాకీ వచ్చింది 1932లో. సౌండ్‌కి డబ్బు పెట్టాలా, ఇంకొన్నాళ్లు మూకీలు తీసి సొమ్ము చేసుకోవాలా అని అప్పటి ప్రతి స్టూడియో ఓనరు తల పట్టుకున్నాడు, ఆ కాలంలో సెట్ చేసిన గేమ్‌లో మీరు కూర్చునేది ఆ కుర్చీలోనే. నేనైతే టెక్నాలజీకి ముందే పెట్టమంటాను, ఆలస్యం అయ్యే కొద్దీ పోటీవాళ్లు ముందుకు పోతారు. ఆ రోజుల్లో హాలీవుడ్ స్టూడియోలకి థియేటర్లు సొంతానికి ఉండేవి, 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో అమ్ముకోవాల్సి వచ్చింది. స్టార్లని ఏడేళ్ల కాంట్రాక్టులో కట్టేసేవాళ్లు, సస్పెండ్ చేసిన రోజులు కూడా కలిపి లాగేవాళ్లు, ఒలీవియా డి హావిలాండ్ అనే హీరోయిన్ కోర్టుకి పోయి 1944లో గెలిచినాకే ఆ ఆట కట్టింది. ఇవన్నీ మనకి దూరం కథలేం కాదు. మద్రాసులో విజయా వాళ్లు కూడా నటుల్ని నెల జీతం మీద పెట్టుకున్నోళ్లే. ఆ విజయా నాగిరెడ్డి గారు మన పక్క కడప జిల్లా మనిషి, వడపళనిలో అంత పెద్ద స్టూడియో నడిపినారు. తిరుపతిలో బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో దిగే ఊర్లో జరిగిన చరిత్ర అది. గేమ్‌లో కాంట్రాక్టు ఎన్నేళ్లకి రాయాల అని అడిగినప్పుడు ఇవి గుర్తుంటే ఆ బాక్స్ ఉత్త నంబర్ మాదిరి కనిపించదు.

సీన్లు మనమే పేర్చుకునే గేమ్ అయితే దాన్ని వదలొద్దు. డబ్బు సంపాదనకి అది పెద్దగా అవసరం లేదని చానామంది ముట్టుకోరు. 2005లో ఫ్రాన్స్‌లో గొడవలు జరిగినప్పుడు అలెక్స్ చాన్ అని ఒకాయన, సినిమావాడు కూడా కాదు, ద మూవీస్ గేమ్‌లోనే ఒక షార్ట్ ఫిల్మ్ చేసి నెట్‌లో పెట్టినాడు, అక్కడి కుర్రోళ్లు ఎందుకు రోడ్డెక్కినారో చెప్పే కథ. గేమ్‌లో పారిస్ లేదు, ఉన్న అమెరికా సెట్లతోనే సర్దుకున్నాడు. పెద్ద పెద్ద పేపర్లు దాని గురించి రాసినాయి. మొదట మీరు అంత పెద్దది పెట్టుకోవద్దు, రెండు నిమిషాల సీను చాలు, ఇద్దరు మనుషులు, ఒక గది, మాటలు కింద టైటిల్స్‌లో. షాట్ ఎంతసేపు ఉంచాల, ఎక్కడ కట్ చెయ్యాల అని ఒక సాయంత్రం కుస్తీ పడితే తర్వాత థియేటర్‌లో కూర్చున్నప్పుడు ఎడిటింగ్ కంటికి కనిపించడం మొదలవతాది.

ఇంకొకటి చానా ముఖ్యం. సినిమా పోయింది కదా అని ముందు దాచిపెట్టుకున్న పాత సేవ్ లోడ్ చేసి, ఆట వెనక్కి తిప్పి మళ్లీ తీయొద్దు. కరెంట్ పోయి గేమ్ ఆగిపోతే వేరే సంగతి, మన దగ్గర ఎండాకాలం అది మామూలే. కానీ ఫ్లాప్‌ని చెరిపేస్తే మీ స్టూడియోకి చరిత్ర ఉండదు. వరసగా మూడు పోయినాక నాలుగోది చిన్న సినిమా, ఎవరూ ఎరగని డైరెక్టర్, అది ఆడి స్టూడియోని నిలబెడితే, ఆ కథ మీరు పదిమందికి చెప్తారు. చెరిపేసుకుంటా పోతే చెప్పడానికి ఏమీ మిగలదు. దివాలా తీస్తే తీయనీ, మళ్లీ కొత్తగా మొదలుపెట్టండి, ఈసారి ఇంకో పేరు.

పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటే మంచిది. సినిమా పేరు, పెట్టింది ఎంత, వచ్చింది ఎంత, ఎవరెవరు చేసినారు, ఎందుకు ఆడింది ఎందుకు పోయింది అని ఒక్క లైను. కొన్ని గేమ్స్ లిస్టు చూపిస్తాయి గానీ కారణం మీ మాటల్లో ఉండదు కదా. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ ఒకే గేమ్ విడివిడిగా ఆడి, వారానికోసారి కూర్చోని ఆ నోట్‌బుక్‌లు పెట్టుకోని మాట్లాడుకుంటే ఇంకా బాగుంటాది, మా గ్యాంగ్‌లో అట్లే చేస్తాం, ఎవరి స్టూడియోలో ఏం నడస్తా ఉంది అని, ఒక్కోసారి నిజం సినిమాల గురించి మాట్లాడేదానికంటే జాస్తి గొడవ అవతాది. అర్లీ యాక్సెస్ గేమ్ ఆడేవాళ్లు అప్‌డేట్ వచ్చేముందు సేవ్ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి ఒక కాపీ తీసి పెట్టుకోండి, కొత్త వెర్షన్‌లో పాత సేవ్ ఓపెన్ కాకపోవచ్చు.